వెనక అద్దం ఎందుకు పొడిగా ఉంది: ఒక బాడీ కంట్రోల్ మాడ్యూల్ మార్పిడి కేసు

నేపథ్యం

కోస్తా జిల్లాల్లోని ఒక పట్టణంలో కార్ల విద్యుత్ పనులు మాత్రమే చేసే చిన్న షెడ్డు మాది. కారు దీపాలు, తాళాలు, వైపర్లను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెను, అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్‌ను, మార్చడం మాకు కొత్త పని కాదు. అయినా ఈ కారు విషయంలో సరైన మార్పిడి దాకా రావడానికి ముందు రెండుసార్లు తప్పటడుగు వేశాం. మాడ్యూల్ ఎలా పనిచేస్తుందో తెలియక చేసిన తప్పులు కావవి; అది ఎక్కడ కూర్చుంది, దాని మీదికి ఏమి వస్తోంది, ఆ కారుకు అంతకుముందు ఎవరు ఏ పని చేశారు అన్నవి అడగకపోవడం వల్ల చేసినవి. అందుకే ఈ కేసు రాసిపెడుతున్నాను. యజమానిని గాని కారును గాని గుర్తుపట్టగల వివరాలు తీసేశాను.

కారు 2016లో తయారైన పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. మా దగ్గరికి వచ్చేసరికి 71,000 కిలోమీటర్లు దాటింది. యజమాని విశ్రాంత ఉపాధ్యాయుడు. రోజూ తిరిగేది నాలుగైదు కిలోమీటర్లకు మించదు. ఇంటి ముందు వేపచెట్టు కింద కారు ఆరుబయటే ఉంటుంది. ఈ చివరి రెండు వివరాలూ తర్వాత పనికివచ్చాయి, ఒకటి సరైన దారిలో, మరొకటి తప్పు దారిలో.

ఈ పనితో పరిచయం లేనివారి కోసం నాలుగు మాటలు. పాత కార్లలో స్విచ్ నొక్కితే కరెంటు నేరుగా రిలేకు, అక్కడి నుంచి దీపానికో మోటారుకో వెళ్లేది. ఇప్పటి కార్లలో స్విచ్ ఒక కోరికను మాత్రమే తెలియజేస్తుంది. దాన్ని చదివి, నెరవేర్చాలా వద్దా అని నిర్ణయించి, రిలేను నడిపేది బాడీ కంట్రోల్ మాడ్యూల్, మేము బీసీఎం అంటాం. ఇండికేటర్లు, వైపర్లు, సెంట్రల్ లాకింగ్, లోపలి దీపాలు, వెనక అద్దాన్ని వేడిచేసే డీఫాగర్ దీని చేతిలోనే ఉంటాయి. ఈ కారులో తాళంచెవిని గుర్తుపట్టి ఇంజిన్‌కు అనుమతి ఇచ్చే ఇమ్మొబిలైజర్ కూడా ఇందులోనే ఉంది. ఇంజిన్ కంప్యూటరుతోనూ మీటర్ల బోర్డుతోనూ ఇది క్యాన్ అనే రెండు తీగల వరస మీద మాట్లాడుతుంది. బాష్ సంస్థ 1986లో ప్రకటించిన ఆ పద్ధతి మొదట ఖరీదైన కార్లలోకి, క్రమంగా మన చిన్న కార్లలోకి వచ్చింది. తాళం తీసేసి ఇంటికి వెళ్లిపోయిన తర్వాత కూడా బీసీఎంకు బ్యాటరీ కరెంటు అందుతూనే ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఈ కేసుకు అదే కీలకం.

వచ్చిన సమస్య

అక్టోబరు రెండో వారంలో కారును తాడు కట్టి లాక్కొచ్చారు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరగడం లేదు. అయితే రోజూ కాదు. వారంలో రెండు రోజులు బాగానే ఉంటుంది, మూడో రోజు బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. ఒకటి రెండుసార్లు రాత్రిపూట తలుపుల తాళాలు వాటంతటవే పడి లేచిన చప్పుడు విన్నామని, ఒకసారి వైపర్లు వాటంతటవే సగం దాకా వెళ్లి ఆగాయని చెప్పారు. అప్పటికే వేరేచోట రెండు బ్యాటరీలు మార్చారు, ఆల్టర్నేటర్ విప్పించి చూపించారు, వైపర్ల కాంబినేషన్ స్విచ్ కొత్తది వేయించారు. చివరికి ఒక ఎలక్ట్రీషియన్ స్కానర్ పెట్టి, యు0140 అనే కోడ్ చూసి, బీసీఎం పోయిందని తేల్చాడు.

ఆయన చెప్పిన జవాబు చివరికి నిజమే అయింది. కాని ఆ కోడ్ ఆ జవాబు చెప్పదు. యు0140 అంటే బీసీఎం నుంచి మాట వినిపించడం లేదని ఇంజిన్ కంప్యూటరు చేసే ఫిర్యాదు. మాట్లాడవలసినది చచ్చిపోయి ఉండవచ్చు, దానికి కరెంటు అందకపోవచ్చు, ఎర్త్ వదులై ఉండవచ్చు, మధ్యలో తీగ తెగి ఉండవచ్చు. దాని పక్కనే పి0562, అంటే వోల్టేజి తక్కువైందన్న కోడ్ కూడా ఉంది. బ్యాటరీ తొమ్మిది వోల్టులకు పడిపోయినప్పుడు ఏ మాడ్యూల్ అయినా మూగబోవచ్చు. అందుకని రెండు కోడ్‌లనూ కారణాలుగా కాక ఫలితాలుగా రాసుకుని, చెరిపేసి, మొదటి నుంచి మొదలుపెట్టాం.

కారు వదిలి వెళ్లేటప్పుడు మాస్టారి భార్య ఒక మాట అన్నారు: “పొద్దున్నే మంచుకి అద్దాలన్నీ తుడవాల్సి వస్తోందండీ, వెనక అద్దం మాత్రం పొడిగానే ఉంటోంది, దానికేం చేశారో ఏమో.” నవ్వి ఊరుకున్నాం. జాబ్ కార్డులో రాయలేదు. ఆ ఒక్క వాక్యం రాసుకుని ఉంటే మాకు రెండు రోజులు మిగిలేవి.

దోషం ఎక్కడుందో తేల్చిన క్రమం

ముందుగా బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేసి, లోడ్ పెట్టి చూశాం; బాగుంది. ఇంజిన్ నడుస్తుండగా 14.2 వోల్టులు వస్తున్నాయి కాబట్టి ఆల్టర్నేటర్‌నూ పక్కన పెట్టాం. మిగిలింది ఆగి ఉన్న కారు కరెంటు తాగడం. దీన్ని కొలవడంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బ్యాటరీ ఎర్త్ కేబుల్ విప్పి మధ్యలో మీటరు పెడతారు. విప్పిన క్షణంలో మాడ్యూళ్లన్నీ రీసెట్ అయి, అప్పటిదాకా ఉన్న దోషం మాయమవుతుంది. అందుకని కేబుల్ కదపకుండా, మిల్లీ ఆంపియర్లు చూపగల డీసీ క్లాంప్ మీటరు దాని చుట్టూ తగిలించాం. డ్రైవరు తలుపు తెరిచే ఉంచి, దాని లాక్ నాలుకను స్క్రూడ్రైవరుతో మూసినట్టు తిప్పి పెట్టాం. అలా చేస్తే తలుపు మూసి ఉందని కారు నమ్ముతుంది, మనం లోపల ఫ్యూజులు చూసుకోవచ్చు. నలభై నిమిషాలు ముట్టుకోకుండా వదిలేశాం.

ఆరోగ్యంగా ఉన్న కారు ఆపాటికి నిద్రలోకి జారి 50 మిల్లీ ఆంపియర్ల లోపు తీసుకోవాలి. ఇది 340 దగ్గర నిలబడి ఉంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూడడం పాత అలవాటు గాని, ఫ్యూజ్ పీకి పెట్టినప్పుడల్లా ఏదో ఒక మాడ్యూల్ లేచి కూర్చుంటుంది. దాని బదులు ప్రతి ఫ్యూజ్ నెత్తిన ఉండే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు కొలిచాం. బీసీఎంకు వెళ్లే 15 ఆంపియర్ల ఫ్యూజ్ మీద 1.6 మిల్లీ వోల్టులు కనబడింది. ఆ రకం చిన్న ఫ్యూజ్ నిరోధం ఐదు మిల్లీ ఓములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, మూడో వంతు ఆంపియరు అందులోంచే పోతోందని లెక్క తేలింది. మిగతా ఫ్యూజుల మీద దాదాపు సున్నా.

ఇక్కడ ఒక లెక్క మమ్మల్ని ఆపింది. 340 మిల్లీ ఆంపియర్లు పన్నెండు గంటలు పోయినా నాలుగు ఆంపియర్ అవర్లే. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీని ఒక్క రాత్రిలో పడుకోబెట్టడానికి అది చాలదు. యజమాని మాత్రం కొన్నిసార్లు ఒక్క రాత్రికే దిగిపోయిందంటున్నారు. అంటే మేము చూసిన దానికి తోడు, మేము చూడని ఇంకో స్థితి ఏదో రాత్రిపూట వస్తోంది. కొలిచిన అంకె దొరికింది కదా అని అక్కడితో ఆగిపోకూడదనుకుని, రికార్డు చేసే మీటరు తగిలించి కారును షెడ్డులోనే రాత్రంతా ఉంచాం. తెల్లవారుజామున మూడు గంటల ఇరవై నిమిషాలకు కరెంటు ఒక్కసారిగా 11 ఆంపియర్లకు లేచి, 38 నిమిషాలు నిలిచి, మళ్లీ తగ్గింది. అది ఒక్కటే ఏడు ఆంపియర్ అవర్లు. రోజుకు నాలుగు కిలోమీటర్లు తిరిగి ఎప్పుడూ పూర్తిగా నిండని బ్యాటరీకి అది చాలు.

పదకొండు ఆంపియర్లు అంటే సుమారు 130 వాట్లు. హెడ్‌లైట్లు, పార్కింగ్ దీపాలు కలిపితే అంత అవుతుంది. కాని షెడ్డు కెమెరాలో వెలుతురు ఏదీ లేదు. బ్లోయరైతే చప్పుడు వస్తుంది. చప్పుడు లేకుండా, వెలుగు లేకుండా 130 వాట్లు తినగలిగినది ఈ కారులో ఒక్కటే ఉంది, వెనక అద్దం మీద గీతల్లా ఉండే డీఫాగర్. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడ మాట. మంచు పట్టని అద్దం ఎప్పుడో పొద్దున్నే మాకు జవాబు చెప్పేసింది.

డీఫాగర్ రిలేను నడిపేది బీసీఎం. అయితే అది స్వయంగా తప్పు చేస్తోందా, తప్పుడు సమాచారాన్ని నమ్మి సరైన పనే చేస్తోందా అన్నది ఇంకా తేలలేదు. డీఫాగర్ బటన్ లోపల అతుక్కున్నా, తలుపు స్విచ్ తడిసి తెరిచినట్టు చెప్తున్నా మాడ్యూల్ మెలకువగానే ఉంటుంది. స్కానర్ లైవ్ డేటాలో నాలుగు తలుపులు, డిక్కీ, తాళంచెవి, వైపర్ల స్విచ్, డీఫాగర్ బటన్ అన్నింటినీ ఒక్కొక్కటే నొక్కి వదిలి చూశాం. ప్రతిదీ నిజమే చెబుతోంది. బీసీఎం ఎర్త్‌కూ బ్యాటరీ ఎర్త్‌కూ మధ్య, దీపాలన్నీ వేసి లోడ్ మీద కొలిస్తే 0.04 వోల్టులే తేడా. బ్యాటరీ విప్పి, స్కానర్ సాకెట్‌లోని 6, 14 పిన్‌ల మధ్య కొలిస్తే 60 ఓములు. రెండు చివర్ల ఉండే 120 ఓముల నిరోధాలు రెండూ చెక్కుచెదరలేదన్నమాట. తీగలది తప్పు కాదు.

తర్వాత మాడ్యూల్‌కు తీగల కట్టలను కలిపే కప్లర్లు ఒక్కొక్కటే తీశాం. మొత్తం ఒకేసారి తీసేసి, కరెంటు తగ్గిందని చూపించి మాడ్యూల్‌ను దోషిగా నిలబెట్టడం సులువే గాని, అలా తీసినప్పుడు దాన్ని నిద్రలేపే స్విచ్‌లనూ అది నడిపే రిలేలనూ కలిపే తీసేస్తాం. దానితో ఏదీ రుజువు కాదు. బ్యాటరీ ఫీడ్, ఎర్త్ మాత్రమే మిగిల్చి మిగతావన్నీ తీసినా 310 మిల్లీ ఆంపియర్లు పోతూనే ఉన్నాయి. క్యాన్ తీగ తీసేస్తే కొన్ని మాడ్యూళ్లు భయపడి మెలకువగా ఉండిపోతాయి కాబట్టి, ఆ వారమే సర్వీసుకు వచ్చిన అదే మోడల్ కారు మీద, దాని యజమాని అనుమతితో, ఇదే పరీక్ష చేశాం. అది పావుగంటలో పది మిల్లీ ఆంపియర్ల లోపుకు దిగింది. అప్పుడు మాత్రమే జాబ్ కార్డు మీద రాశాం: దోషం బీసీఎం లోపల.

మొదటి ప్రయత్నం: బోర్డు శుభ్రం చేయడం

డాష్‌బోర్డు కింద, కుడివైపు ఫ్యూజ్ పెట్టె వెనక నుంచి మాడ్యూల్ విప్పి మూత తీస్తే, ఒక మూల కప్లర్ పిన్‌ల వరస దగ్గర పచ్చగా చిలుం పట్టి ఉంది. బోర్డు మీద నీరు కారిన జాడ గోధుమరంగులో చారలా కనిపిస్తోంది. తేమ, నిరంతరం ఉండే పన్నెండు వోల్టులు, దగ్గర దగ్గరగా ఉన్న రాగి దారులు, ఈ మూడూ కలిస్తే రాగి కరిగి ఒక దారి నుంచి పక్క దారికి వెంట్రుకల్లా పాకుతుంది. ఆ వెంట్రుకలు రిలేలను నడిపే ట్రాన్సిస్టర్ల కాళ్ల మధ్య పడితే ఎవరూ నొక్కకుండానే డీఫాగర్ ఆన్ అవుతుంది, తాళాలు పడతాయి. రాత్రి చల్లబడి తేమ చేరినప్పుడే ఈ చేష్టలు ఎక్కువ కావడానికి కారణమూ అదే.

కొత్త మాడ్యూల్, దాన్ని ఈ కారుకు కుదిర్చే కోడింగ్ కలిపి అప్పట్లో 16,500 రూపాయల దాకా అయ్యేది. యజమాని పింఛను మీద ఉన్న మనిషి. శుభ్రం చేసి చూద్దామని మేమే సలహా ఇచ్చాం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, మెత్తని బ్రష్‌తో చిలుం తీసి, రెండు పిన్‌లకు తిరిగి టంకం వేసి, ఆరబెట్టి బిగించాం. కరెంటు 24 మిల్లీ ఆంపియర్లకు దిగింది.

నీరు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న అప్పుడే వేసుకున్నాం, కాని మొదట తట్టిన జవాబుకే తృప్తిపడ్డాం. చెట్టు కింద నిలిపే కారు కాబట్టి ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే తొట్టి విప్పి చూస్తే వేపాకు కుళ్లి నీరు పోయే రంధ్రం మూసుకుపోయి ఉంది. తీసేసి, బకెట్ నీళ్లు పోస్తే గడగడా దిగిపోయాయి. కారణం దొరికిందనుకున్నాం. ఏసీ నీరు పోయే గొట్టం ఈ కారులో ఎడమవైపు కాబట్టి దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

తొమ్మిదో రోజు కారు మళ్లీ తాడు కట్టుకుని వచ్చింది. మధ్యలో రెండు రోజులు వాయుగుండం వాన. మూత తీస్తే కప్లర్ మీద తాజా నీటి బొట్టు మెరుస్తోంది. ఒక్క చూపులో రెండు పొరపాట్లు తెలిశాయి. తొట్టి రంధ్రం మూసుకుపోయిన మాట నిజమే గాని, మాడ్యూల్‌ను తడిపింది ఆ నీరు కాదు. రెండోది, ఆల్కహాల్ మేము చేరగలిగిన చోటే శుభ్రం చేసింది. బోర్డు మీది చిప్ కింద, కప్లర్ పిన్‌ల ప్లాస్టిక్ మొదట్లో ఉన్న చిలుం అలాగే ఉండి, తేమ తగలగానే తన పని మళ్లీ మొదలుపెట్టింది. బోర్డు మీది రక్షణ పూత అప్పటికే పగిలి ఉంది కాబట్టి వాన రాకపోయినా మరికొన్ని వారాలకు ఇదే గతి పట్టేదని నా అంచనా.

రెండో ప్రయత్నం: పాత సామాను మాడ్యూల్

ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. శుభ్రం చేయడం విఫలమైందన్న ఇబ్బందితో, యజమానికి ఖర్చు పెరగకూడదన్న తొందరలో, విజయవాడ ఆటోనగర్‌లోని ఒక పాత సామాను దుకాణం నుంచి 3,500 రూపాయలకు వాడిన మాడ్యూల్ తెప్పించాం. పెట్టె అదే, కప్లర్లు అవే, పార్ట్ నంబరులో అంకెలన్నీ అవే. చివరి రెండు అక్షరాలు మాత్రం వేరు. ఆ అక్షరాలు తయారీ విడతకు గుర్తులని అనుకున్నాం. కావు, కారు వేరియంటుకు గుర్తులు.

బిగించి తాళం తిప్పితే తాళాలు పనిచేశాయి, ఇండికేటర్లు వెలిగాయి, వెనక వైపర్ కదలలేదు. ఇంజిన్ రెండు క్షణాలు నడిచి ఆగిపోయింది, మీటర్ల బోర్డులో తాళంచెవి గుర్తు మిటమిటలాడింది. వెనక వైపర్ లేని చౌక వేరియంటు మాడ్యూల్ అది, పైగా వేరే కారు ఇంజిన్ కంప్యూటరుతో జతకట్టుకుని ఉంది. తాళంచెవిలోని చిప్‌ను చదివి, ఇంజిన్‌తో రహస్య సంకేతం సరిచూసుకున్నాకే పెట్రోలు వదలడం ఇమ్మొబిలైజర్ పని. పరాయి కారు నుంచి వచ్చిన మాడ్యూల్‌ను అది దొంగగానే చూస్తుంది, చూడాలి కూడా.

ఆ దశలో మా ముందు ఇంకో దారి ఉంది. పాత బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న మెమరీ చిప్‌లో తాళాల వివరాలు, వేరియంటు వివరాలు ఉంటాయి. అందులోని సమాచారాన్ని చదివి రెండో బోర్డు చిప్‌లోకి ఎక్కిస్తే, ఈ కారుకు అదే సొంత మాడ్యూల్‌లా కనిపిస్తుంది. చేయి తిరిగినవాళ్లు రోజూ చేసే పనే. మేమూ చిప్ తీసి చదివాం. ఒక్కసారి చదివి నమ్మకూడదన్నది మా షెడ్డు నియమం, మూడుసార్లు చదివి ఒకదానితో ఒకటి పోల్చాం. మూడూ ఒకేలా లేవు. ఒక కాలు చిలుంతో సగం తెగి ఉంది. చదివినదానిలో ఏది నిజమో తెలియనప్పుడు దాన్ని ఇంకో బోర్డుకు ఎక్కించడమంటే జబ్బును కొత్త ఒంట్లోకి మార్చడమే. ఇంకో అభ్యంతరం కూడా ఉంది. కొన్ని కార్లలో ఓడోమీటరు లెక్క బీసీఎంలోనూ దాచి ఉంటుంది, వేరే కారు మాడ్యూల్ వేస్తే కిలోమీటర్లు మారిపోవచ్చు. రేపు ఆ కారు కొనేవారికి అబద్ధం చెప్పే పని మా చేతుల మీదుగా జరగకూడదు. అక్కడ ఆపేశాం.

నీటి దారి

కొత్త మాడ్యూల్‌కు ఆర్డరు పెట్టే ముందు, నీటి సంగతి తేలకుండా దాన్ని బిగించకూడదని ఈసారి గట్టిగా నిర్ణయించుకున్నాం. డాష్‌బోర్డు కింది ప్యానెల్, ముందు అద్దం పక్కన ఉండే కుడి స్తంభం మీది ప్లాస్టిక్ తొడుగు తీసేశాం. బ్యాటరీ ఎర్త్ విప్పి పెట్టి, తీగల కట్ట మీద, ఇనుప రేకు మీద సన్నగా ముగ్గుపిండి చల్లాం. నీరు ఎటు పారినా పిండి మీద గీత పడుతుంది; తెల్లటి పిండి మీద తడి దాగదు. ఒకరు లోపల టార్చితో కూర్చుంటే మరొకరు గొట్టంతో కింది నుంచి పైకి, ఒక్కో చోట పది నిమిషాలు, నీళ్లు పెట్టారు. పై నుంచి మొదలుపెడితే అన్నిచోట్లా ఒకేసారి తడిసి ఏమీ తెలియదు.

బానెట్ అంచున ఏమీ లేదు. తొట్టిలో ఏమీ లేదు. తలుపు రబ్బరు దగ్గర ఏమీ లేదు. ముందు అద్దం కుడి పైమూలకు గొట్టం పెట్టిన నాలుగో నిమిషంలో, లోపల స్తంభం వెంట దిగే తీగల కట్ట మీద పిండి గీతగా తడిసింది. ఆ కట్ట నేరుగా కిందికి దిగి, ఎక్కడా వంపు లేకుండా, బీసీఎం పై కప్లర్‌లోకి వెళ్తుంది. నీరు తీగనే తాడులా పట్టుకుని మాడ్యూల్ లోపలికి నడిచివెళ్లింది.

మాస్టారికి ఫోన్ చేసి, ముందు అద్దం ఎప్పుడైనా మార్చారా అని అడిగాం. పద్నాలుగు నెలల కింద హైవే మీద రాయి తగిలి పగిలిందట, బయట మార్పించారట. మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. బ్యాటరీ దిగిపోవడానికీ అద్దానికీ సంబంధం ఉంటుందని ఆయనకు ఎందుకు తోస్తుంది? అద్దం తీయించి చూస్తే, ఆ మూలలో పాలీయురేథేన్ జిగురు వరసలో వేలెడంత ఖాళీ ఉంది, దాని కింది రేకు తుప్పు పట్టి ఉంది. తుప్పు గీకి, ప్రైమరు వేసి, అద్దాన్ని తిరిగి అతికించాం. జిగురు గట్టిపడడానికి ఒక రోజంతా కారు కదపలేదు. తర్వాత అదే మూలలో అరగంట నీళ్లు పెట్టాం. పిండి పొడిగా నిలిచింది.

కొత్త మాడ్యూల్ బిగించడం

పార్ట్ నంబరును ఈసారి పాత పెట్టె మీద చూసి కాక, కారు ఛాసిస్ నంబరు ఇచ్చి తెప్పించాం. ఇమ్మొబిలైజర్ రహస్య సంఖ్య ఆర్‌సీ, యజమాని గుర్తింపు చూపితేనే అధీకృత సర్వీసు కేంద్రం ఇస్తుంది, కాబట్టి కోడింగ్ వాళ్ల పరికరంతోనే చేయించాలని ముందే మాట్లాడుకున్నాం. తాళంచెవులు రెండూ ఉండాలి. కొత్త మాడ్యూల్‌కు చెవులను నేర్పే సమయంలో చూపించని చెవి ఆ తర్వాత పనిచేయదు. రెండో చెవి హైదరాబాద్‌లో ఉన్న కూతురి దగ్గర ఉందని తేలింది, అది వచ్చేదాకా రెండు రోజులు ఆగాం. ఒక చెవితో కానిచ్చేద్దామని మాస్టారే అన్నారు గాని, అలా చేస్తే తర్వాత ఆ రెండో చెవి కోసం ఇంకోసారి అదే ఖర్చు పెట్టాలి.

పాతది తీసేముందు ఓడోమీటరును ఫోటో తీసి, కారులో ఉన్న సౌకర్యాలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాం. బ్యాటరీ ఎర్త్ విప్పి పది నిమిషాలు ఆగాం. పక్కనే పసుపు తొడుగుతో ఎయిర్‌బ్యాగ్ తీగలు పోతున్నాయి, అక్కడ తొందర పనికిరాదు. పై కప్లర్‌లో కారు వైపు పిన్‌లు మూడు పచ్చబడి ఉన్నాయి. కొత్త మాడ్యూల్‌కు పాత చిలుం అంటించినట్టు కాకుండా ఆ మూడింటినీ కోసి కొత్త టెర్మినళ్లు నొక్కి వేశాం. తీగల కట్టను కప్లర్ కంటే కిందికి ఒక వంపు దించి, మళ్లీ పైకి తిప్పి కట్టాం. ఎప్పుడైనా మళ్లీ నీరు దిగినా, ఆ వంపు అడుగున బొట్టుగా రాలిపోతుంది తప్ప పైకి ఎక్కి కప్లర్‌లోకి పోదు. ఇందుకు అయిన ఖర్చు రెండు ప్లాస్టిక్ ట్యాగులు.

కోడింగ్ జరుగుతున్నంతసేపూ 13.5 వోల్టులు నిలకడగా ఇచ్చే సప్లై బ్యాటరీకి తగిలించి ఉంచాం. మామూలు చార్జరు అక్కడ తగదు. దాని కరెంటులో హెచ్చుతగ్గులుంటాయి, మధ్యలో వోల్టేజి పడితే సగం రాసిన మాడ్యూల్ కొత్తదైనా పనికిరాకుండా పోవచ్చు. వేరియంటు వివరాలు ఎక్కించి, రెండు చెవులూ నేర్పి, రిమోట్లు జతచేసి, డ్రైవరు కిటికీ ఆటో కదలికకు దాని హద్దులు తిరిగి చూపించాం. రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని ప్రతి సౌకర్యాన్నీ ఒకసారి నడిపాం, వెనక వైపర్, డీఫాగర్ సహా. ఓడోమీటరు ఫోటోలోని అంకె దగ్గరే ఉంది. నలభై నిమిషాల తర్వాత క్లాంప్ మీటరు 22 మిల్లీ ఆంపియర్లు చూపింది. అయినా కారు ఇవ్వలేదు. వరసగా మూడు రాత్రులు, సాయంత్రం నీళ్లు కొట్టి ఆరుబయట నిలిపి, రికార్డు మీటరు తగిలించి ఉంచాం. మూడు రాత్రులూ గీత అడ్డంగా ఒకే మట్టాన పోయింది.

మా పద్ధతిలో మారినవి

జాబ్ కార్డులో అద్దాలు, డెంటింగ్, పెయింటింగ్, మ్యూజిక్ సిస్టమ్, అలారం, ఏదైనా గత రెండేళ్లలో బయట చేయించారా అన్న ప్రశ్న ఇప్పుడు అచ్చువేసి ఉంది. యజమాని ఇంటివాళ్లు చెప్పేదాన్ని, ఎంత అసంబద్ధంగా తోచినా, వాళ్ల మాటల్లోనే రాసుకుంటున్నాం. తడిసిన బోర్డును కడిగి ఇవ్వమని ఎవరైనా అడిగితే, అది కొత్తది వచ్చేదాకా నెట్టుకురావడానికేనని ముందే చెబుతున్నాం. వాడిన మాడ్యూల్ మాత్రం పూర్తిగా మానలేదు. పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా కలిసి, ఇమ్మొబిలైజర్ వేరే పెట్టెలో ఉన్న కార్లకు అది ఇప్పటికీ న్యాయమైన దారే.

బిల్లు విషయంలో మా మధ్య చర్చ జరిగింది. శుభ్రం చేసిన కూలి, వాడిన మాడ్యూల్ ధర మేమే భరించాం, ఎందుకంటే ఆ రెండు నిర్ణయాలూ మావి. రోగనిర్ధారణకు పట్టిన సమయానికి మాత్రం పూర్తి కూలి తీసుకున్నాం. దాన్ని తగ్గిస్తే, కొలవకుండా విడిభాగాలు మార్చేవారి పద్ధతే చౌక అని మేమే ఒప్పుకున్నట్టవుతుంది. మాస్టారు బేరమాడలేదు గాని, అద్దం అతికింపు ఖర్చు దగ్గర ఒక్క నిమిషం ఆగి, “ఇది బ్యాటరీ పనిలోకి ఎలా వచ్చిందో మా ఆవిడకు మీరే చెప్పండి” అన్నారు.

తర్వాతి ఏడాది అక్టోబరు వానల్లో కారును ఒకసారి తీసుకురమ్మని మేమే కబురు చేశాం. నిద్రలో 23 మిల్లీ ఆంపియర్లు. ప్యానెల్ తీసి చూస్తే తీగల వంపు అడుగున దుమ్ము పొడిగా ఉంది, కప్లర్ పిన్‌లు మెరుస్తున్నాయి. పొద్దున్నే వెనక అద్దం కూడా తుడవాల్సి వస్తోందని ఆవిడ చెప్పి పంపారట. ఈసారి జాబ్ కార్డులో రాసుకున్నాం.